ఎస్సై గారికి రెండు ఉండల ఎర్ర దారం

తెలుగులో తీసినా, హిందీ నుంచి డబ్బింగ్ అయి వచ్చినా, స్వీడన్ నుంచో కొరియా నుంచో కింద అక్షరాలు వేసుకుని వచ్చినా, ఈ మధ్య నేను చూసిన ప్రతి నేర పరిశోధన సిరీస్‌లోనూ ఒక గోడ ఉంది. గోడకు ఫొటోలు గుచ్చి ఉంటాయి. ఫొటోల మధ్య ఎర్ర దారం లాగి ఉంటుంది. దారం ముందు ఒక పోలీసు అధికారి నిలబడి ఉంటాడు. చేతిలో టీ గ్లాసో, అంతకంటే ఘాటైనదో ఉంటుంది. ఆయన రెప్ప వేయకుండా దారాన్ని చూస్తాడు, కెమెరా ఆయన్ని చూస్తుంది, మనం గడియారాన్ని చూస్తాం.

ఆ అధికారి భార్య ఆయన్ని వదిలి వెళ్లిపోయి ఉంటుంది. కూతురు ఫోను ఎత్తదు. ఆయనకు నిద్ర పట్టదు. ఇవి కష్టాలనుకునేరు, అర్హతలు. తెలంగాణలో ఎస్సై కావాలంటే ప్రాథమిక రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, మళ్లీ తుది రాత పరీక్ష అంటూ మన పిల్లలు హనుమకొండ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు: విడాకుల కాగితం, మాసిన గడ్డం, ఒక ఖాళీ గోడ ఉంటే చాలు.

మొన్న చూసిన సిరీస్ కథాస్థలం మన ఓరుగల్లు ప్రాంతమని ప్రకటనలో రాశారు. అభిమానం కొద్దీ కూర్చున్నాను. మొదటి షాట్‌లో డ్రోను భద్రకాళి చెరువు మీద తిరిగింది. రెండో షాట్‌లో వేయిస్తంభాల గుడి మీద తిరిగింది. ఖిలా వరంగల్ తోరణాల మీద ప్రదక్షిణలు చేసి అలసిపోయి ఎక్కడో వాలింది. ఇక ఎనిమిది భాగాల్లో మరెక్కడా ఊరి జాడ లేదు. నీలం రంగు పొగమంచు మాత్రం ఉంది. కథ మే నెలలో జరుగుతుంది! మే నెల మధ్యాహ్నం హనుమకొండ చౌరస్తాలో నిలబడిన మనిషికి పొగమంచు కనిపించిందంటే అతన్ని వెంటనే నీడకు చేర్చి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించాలి.

మన యాస మాట్లాడే మనిషి ఆ సిరీస్‌లో ఒక్కడే ఉన్నాడు, కానిస్టేబులు. నవ్వించడం ఆయన డ్యూటీ. అధికారి, డాక్టరు, చివరికి హంతకుడు కూడా అచ్చు పుస్తకంలా మాట్లాడతారు. తెలివికి ఒక భాష, తెలివితక్కువతనానికి ఇంకో భాష అని ఈ వాటాలు ఎవరు పంచారో అడగాలంటే ఇంకో వ్యాసం రాయాలి. ముందు దారం సంగతి తేల్చుకుందాం.

మూడో భాగంలో ఆ దారాన్ని ఎలా కడతారో పనిగట్టుకుని దగ్గర నుంచి చూపించారు. అధికారి ఒక ఫొటో దగ్గర గుండుసూదికి దారాన్ని రెండు మెలికలు వేశాడు. మూడడుగులు నడిచాడు. ఇంకో ఫొటో దగ్గర ఆగాడు. నిట్టూర్చాడు. మళ్లీ మెలికలు వేశాడు. మిగిలిన కొసను పంటితో తెంపాడు. వెనక వయొలిన్ ఏడ్చింది. కానిస్టేబులు నోరు తెరిచి "సార్..." అన్నాడు. ఇంతకీ ఆ రెండు ఫొటోలు ఎవరివి? ఒకటి చనిపోయిన అమ్మాయిది, ఒకటి ఆమె మొగుడిది. వాళ్లిద్దరికీ సంబంధం ఉందని ఈ మహానుభావుడు దారం కట్టి కనిపెట్టాడు. పెళ్లిపత్రిక చూసినా తెలిసేది.

అసలు విశేషం చివరి భాగంలో ఉంది. హంతకుడు దొరికాడు. అతని ఫొటో ఆ గోడ మీద లేదు! ఏడు భాగాల పాటు సాలెగూడులా అల్లిన ఆ దారంలో ఒక్క పోగు కూడా అతని వైపు వెళ్లలేదు. స్టేషనుకు టీ తెచ్చే కుర్రాడికి ఒక కవల సోదరుడు ఉన్నాడట. ఆ సంగతి టీ కుర్రాడికి తెలియదు, గోడకు తెలియదు, బహుశా ఏడో భాగం రాసే నాటికి రచయితకూ తెలియదు.

ఇలాంటివాళ్లు పుడతారని ముందే పసిగట్టి 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు క్యాథలిక్ మతాచార్యుడు డిటెక్టివ్ కథకులకు పది ఆజ్ఞలు రాసిపెట్టాడు. తానూ డిటెక్టివ్ కథలు రాసినవాడే కాబట్టి తోటివారి వేషాలన్నీ ఆయనకు తెలుసు. మొదటి ఆజ్ఞ: నేరస్థుడు కథ తొలి భాగంలోనే పాఠకుడికి కనిపించినవాడై ఉండాలి. లోకం ఇంతవరకు ఎరగని విషాలు వాడరాదన్నాడు. రహస్య గది ఒకటికి మించి ఉండరాదన్నాడు. పదో ఆజ్ఞ: ముందుగా పాఠకుణ్ని సిద్ధం చేయకుండా కవల సోదరులను దించరాదు. దాదాపు వందేళ్ల కింద ఒక పాదిరి కాళ్లావేళ్లా పడి వద్దన్న పనిని మనవాళ్లు ఇవాళ "ఊహించని మలుపు" అని పోస్టరు మీద వేసుకుంటున్నారు.

మన దగ్గర మాత్రం లేరా? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎన్నో కేసులు ఛేదించారు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి, క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం మాది. ఏ మహానుభావుడో అద్దెకు తీసుకున్నప్పుడు చివరి పేజీ చింపేసేవాడు. హంతకుడెవరో మేమే తేల్చుకోవాల్సి వచ్చేది. గోడ లేకుండా, దారం లేకుండా, చివరి పేజీ కూడా లేకుండా తేల్చుకున్నాం.

సరే, తెర మీద ఇంత వెలుగుతున్న పద్ధతిని మన పోలీసు శాఖ ఎందుకు వదులుకోవాలి? ఒక్కసారి ఊహించండి. ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రం. ఊరి పేరు మనకెందుకు? కొత్తగా వచ్చిన యువ ఎస్సై ఆ రాత్రి ఏ బందోబస్తూ లేక సిరీస్ మొత్తం ఒక్క ఊపులో చూసేశాడు. పొద్దున్నే హాజరు పట్టీ పూర్తికాగానే ఆజ్ఞాపించాడు: "నాకొక గోడ కావాలి."

స్టేషన్‌లో ఖాళీ గోడ అనే వస్తువు ఉండదు. ఒక గోడకు ఇంతవరకు పనిచేసిన ఎస్సైల పేర్లు, వచ్చిన తేదీ, పోయిన తేదీ రాసిన చెక్క బోర్డు ఉంది. ఇంకో గోడకు ఏడాది వారీగా నేరాల పట్టిక ఉంది. మూడో గోడకు పత్తి విత్తనాల డీలరు ఇచ్చిన అమ్మవారి క్యాలెండరు, దాని పక్కన ట్యూబులైటు, ట్యూబులైటు వెనక శాశ్వత నివాసం ఉండే బల్లి. నాలుగో గోడే లేదు, అక్కడ లాకప్ ఊచలున్నాయి. చివరికి నేరాల పట్టికను దించి బీరువా వెనక పెట్టారు. మండలంలో నేరాలు తగ్గాయని ఆ రోజే పుకారు పుట్టింది.

కానిస్టేబులును దారానికి బజారుకు పంపారు.

"ఎర్ర దారం కావాలి, షావుకారు."

"ఏ పనికి సార్? మొలతాడా, కాశీదారమా? పూలు గుచ్చేదా? పతంగుల మాంజా అయితే అమ్మడం లేదు సార్, మీరే వద్దన్నారు కదా."

"హత్య కేసుకు."

షావుకారు ఒక్క క్షణం ఆలోచించి మొలతాళ్ల కట్ట ముందు పెట్టాడు. గట్టిగా ఉంటాయట, నీళ్లలో తడిసినా రంగు పోదట. కానిస్టేబులు మొలతాళ్ల కట్టతో పాటు కుట్టుమిషన్ దారం ఉండలు రెండు కూడా తెచ్చాడు. రసీదు అడిగితే షావుకారు "ఇంత చిన్న దానికి రసీదా" అని నవ్వాడు. ఆ రసీదు లేకపోవడం ముందు ముందు ఎంత దూరం పోతుందో ఆ నవ్వులో ఎవరికీ కనిపించలేదు.

గుండుసూదులు సిమెంటు గోడలోకి దిగలేదు. సుత్తితో కొడితే సున్నం పెచ్చు ఊడింది. మైదాపిండి జిగురుతో ఫొటోలు అంటించారు. రాత్రి బల్లి వచ్చి రెండో అనుమానితుణ్ని సగం వరకు పరీక్షించి వెళ్లింది. ఫొటోలన్నీ ఆధార్ కార్డుల నుంచి తీసుకున్నవి. ఆధార్ ఫొటోలో దేశంలోని ప్రతి పౌరుడూ ఏదో ఒకటి చేసి దొరికిపోయినట్టే ఉంటాడు. వాటిలో అసలు అనుమానితుణ్ని గుర్తుపట్టలేక ఎస్సై ఫొటోల కింద అంకెలు వేయించాడు. ఆ వరసలో ఒక హెడ్ కానిస్టేబులు ఫొటో కూడా కలిసిపోయి ఆయనకు నాలుగో అంకె వచ్చింది.

ఇక దారం కట్టడం మొదలైంది. ఒకటో మనిషి నుంచి ఆరో మనిషికి, ఆరో మనిషి నుంచి ఇసుక ట్రాక్టరుకు, ట్రాక్టరు నుంచి ఒక ప్రజాప్రతినిధి తమ్ముడికి. గది సరిపోక దారాన్ని తలుపు మీదుగా ఎదుటి గోడకు లాగారు. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. మండలంలోని నేర ప్రపంచమంతా ఫ్యాను రెక్కలకు చుట్టుకుని ఒక్క ముద్ద అయింది. విప్పడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు స్టూలు ఎక్కారు. మేక పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒక అవ్వ, గదినిండా ఎర్ర దారాలు, మధ్యలో అమ్మవారి క్యాలెండరు చూసి చెప్పులు బయట విప్పి వచ్చింది. గోడకు దండం పెట్టి, కొంగు ముడి విప్పి పది రూపాయలు గోడ కింద పెట్టింది. ఆ పది రూపాయలను ఏ పద్దులో రాయాలో తెలియక స్టేషన్ రైటరు జనరల్ డైరీ ముందు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. మేక సంగతి అందరూ మరిచిపోయారు.

మర్నాడు ప్రజాప్రతినిధి స్వయంగా వచ్చాడు. గోడ మీద తమ్ముణ్ని చూశాడు. తమ్ముడి ఫొటో తీసేయాలని వచ్చాడనుకున్నారు. ఆయన బాధ వేరు: తమ్ముడి ఫొటో పెద్దదిగా పెట్టి, తన ఫొటో అసలే పెట్టకపోతే జనంలో ఏమనుకుంటారు? ఎస్సై తలపట్టుకున్నాడు. సాయంత్రానికి పైనుంచి ఫోను వచ్చింది. చెక్క బోర్డు మీద ఆయన పేరు ఎదురుగా "పోయిన తేదీ" గడి నిండింది.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. కేసు కోర్టుకు వెళ్లింది. దారం కూడా దర్యాప్తులో భాగమే కదా, ఎందుకు సమర్పించలేదని ముద్దాయి తరఫు వకీలు పట్టుకున్నాడు. దారం గోడకు ఉంది. గోడ స్టేషనుకు ఉంది. గోడను స్వాధీనం చేసుకుంటూ పంచనామా రాయాల్సి వచ్చింది: "తూర్పు ముఖంగా ఉన్న, పొడవు పన్నెండు అడుగులు గల, అక్కడక్కడ సున్నం ఊడిన గోడ ఒకటి." సాక్షుల సమక్షంలో గోడకు సీలు వేశారు. బోనులో కానిస్టేబులును నిలబెట్టి వకీలు అడిగాడు: "ఏడో దారాన్ని మీరు ఎవరి సమక్షంలో కట్టారు? కట్టినప్పుడు పంచులు ఉన్నారా? ఇది కొన్న దారమా, మొలతాడా? రసీదు ఏది?" కానిస్టేబులు నీళ్లు నమిలాడు. కేసు కొట్టేశారు. గోడను మాత్రం పై కోర్టులో అప్పీలు గడువు తీరేదాకా భద్రపరచాలని చెప్పారు.

మా వీధిలో పదవీ విరమణ చేసిన హెడ్ కానిస్టేబులు ఒకరున్నారు. చిన్నాపెద్దా అంతా హెడ్డు సాబ్ అంటారు. నేను ఈ గోడ కథ చెబితే ఆయన పెద్దగా నవ్వలేదు. "దారం మేమూ కట్టాం తమ్ముడూ. మూటలకు కట్టాం," అన్నారు.

రక్తం అంటిన బట్టలను నీడలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి, బట్టలో మూటకట్టి దారం బిగిస్తారు. దారం ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర వేస్తారు. పంచుల సంతకాలున్న చీటీ పెడతారు. ముద్ర నమూనాను వేరుగా పంపుతారు, ప్రయోగశాలలో రెండూ పోల్చి చూసుకోవాలి కదా. విషం పెట్టారని అనుమానం ఉంటే డాక్టరు పొట్టలోని భాగాలను, కాలేయం ముక్కను, మూత్రపిండం ముక్కను సీసాల్లో తీస్తాడు. వాటిని దేనిలో నిల్వ చేస్తారో తెలుసా? ఉప్పునీటిలో. వంటింటి ఉప్పే, ఇక కరగనంత వరకు కలిపిన నీళ్లు. దాంతో పాటు ఉత్త ఉప్పునీరు కూడా ఒక సీసాలో వేరుగా పంపుతారు, ఆ నీళ్లలోనే ఏమైనా ఉందని రేపు ఎవరూ అనకుండా. అన్నిటికీ దారం, అన్నిటికీ లక్క. ఆ సీసాలు మోసుకుని ఒక కానిస్టేబులు ప్రయోగశాలకు వెళతాడు. దారిలో సీలు పగలకూడదు, మూట చేయి మారకూడదు, మారితే ఎవరి చేతికి ఎప్పుడు మారిందో కాగితం ఉండాలి. ఒక్క ముద్ర చెదిరినా ఏళ్ల తర్వాత బోనులో అదే ప్రశ్న: "ఇది అప్పుడు కట్టిన మూటేనని ఏమిటి నమ్మకం?"

ఏ సిరీస్‌లోనైనా ఈ మూట కట్టడం చూశారా? మన వీరుడి రిపోర్టు నిమిషాల్లో ఫోనులో వస్తుంది. ఆయన అనుమానితుణ్ని కుర్చీకి కట్టి నాలుగు తగిలించి నేరం ఒప్పిస్తాడు. సంగీతం పైకి లేస్తుంది, కేసు ముగిసిందంటారు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను. బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ఈ చిన్న సంగతి తెలియని రచయితలకు శవం మీద వాలిన ఈగ వయసును బట్టి హత్య జరిగిన గంట చెప్పడం మాత్రం తెలుసు. అదే రోజు నుంచి అమలైన కొత్త నేర విచారణ విధాన చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్లాలని చెబుతోంది. రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. ఆ నిపుణులు ఎంతమంది, ఎన్ని మండలాలకు, ఏ బండిలో పోతారు, వాళ్లు వచ్చేదాకా గుమిగూడిన జనాన్ని ఒక్క కానిస్టేబులు తాడు పట్టుకుని ఎలా ఆపుతాడు? ఇందులో ఎనిమిది భాగాలు కాదు, ఎనభై భాగాలకు సరిపడా ఉత్కంఠ ఉంది. కానీ ఉప్పునీటి సీసా ముందు నిట్టూర్చే హీరో ఎవరు దొరుకుతారు?

ఇక ఆ గోడ నడుమ గుచ్చిన ఫొటో దగ్గరికి వద్దాం.

మొదటి భాగం మొదటి నిమిషంలో చెరువు గట్టున ఒక అమ్మాయి శవం. కెమెరా ఆమె పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఎంత నెమ్మదిగా పాకుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పాలంటే నాకు సిగ్గేస్తోంది, తీసినవాళ్లకు వేయలేదు. ఆ తర్వాత ఆమె గోడ మీద ఫొటో. ఆమె ఏం చదివింది, ఎక్కడ పని చేసింది, ఎవరితో పోట్లాడింది, ఏం తినేది, ఎందుకు నవ్వేది, ఒక్క ముక్క తెలియదు. వాళ్లమ్మకు ఒకే ఒక్క సీను ఇచ్చారు, మార్చురీ బయట నేల మీద పడి ఏడవడం. ఆ ఏడుపు కూడా పూర్తి కానివ్వలేదు, అధికారికి పాత ప్రేమ గుర్తుకొచ్చి కథ అటు వెళ్లింది. చచ్చిపోయిన పిల్ల ఆయన బాధకు అలంకారం.

ఇదంతా "వాస్తవ సంఘటనల ఆధారంగా" అని మొదట ఒక అట్ట చూపిస్తారు. మరుక్షణం "ఇందులోని పాత్రలన్నీ కల్పితం" అని రెండో అట్ట. మొదటిది జనాన్ని పిలవడానికి, రెండోది కేసు తప్పించుకోవడానికి.

వాస్తవ సంఘటనలా? మాకు ఉన్నాయి, బాబూ. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, వరంగల్ శివారు గొర్రెకుంటలో ఒక బావిలోంచి రెండు రోజుల్లో తొమ్మిది శవాలు తీశారు. గోనె సంచులు కుట్టే చోట బతుకుతున్నవాళ్లు, వాళ్లతో ఉన్నవాళ్లు. ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి బతకడానికి వచ్చిన ఒకే కుటుంబం, ఇద్దరు బీహారు యువకులు, ఒకరు త్రిపుర మనిషి. మూడేళ్ల పసివాడు అందులో ఉన్నాడు. వలస కూలీలు, పనులు లేని రోజులు, ఆత్మహత్యలై ఉంటాయని మొదట అనుమానించారు. వాళ్లకు తెలిసిన మనిషే ఒకడు అన్నంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవాళ్లను ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడని కొద్ది రోజుల్లోనే తేలింది. అంతకు ముందు అదే కుటుంబానికి దగ్గరి మనిషైన ఒక స్త్రీని చంపిన సంగతి బయటపడకుండా చేసిన పని అది. అదే ఏడాది అక్టోబరు 28న వరంగల్ కోర్టు ఆ మనిషికి ఉరిశిక్ష వేసింది.

తొమ్మిది మంది. ఒక్కరికీ ఈ ఊళ్లో సొంత ఇల్లు లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన ధాన్యానికి, మన మిరపకాయలకు సంచులు కుట్టిపెట్టారు. ఈ రోజు మన ఊళ్లో ఎంతమందికి వాళ్లలో ఒక్కరి పేరు గుర్తుంది? దాన్ని ఎనిమిది భాగాలుగా కోసి, బావి మీద డ్రోను తిప్పి, ఆ పసివాడి ఫొటోకు గుండుసూది గుచ్చి, దానికి దారం చుట్టి, ముందర ఒక అందగాణ్ని నిలబెట్టి సిగరెట్టు ముట్టించడానికి ఎవడో ఒకడు ఈపాటికి కథ చెప్పే ఉంటాడు. "సార్, దీంట్లో మంచి హుక్కు ఉంది" అనే ఉంటాడు. హుక్కు! చేపను పట్టే కొక్కెం పేరు పెట్టుకున్నారు చావుకు. మీ సిరీస్ నీచంగా ఉంది. బాగా తీయలేదని అనడం లేదు, బాగా తీస్తే ఇంకా నీచంగా ఉండేది.

మొన్నటి సిరీస్‌కు రెండో సీజను ఖాయమని చివర్లో వేశారు. అధికారి పాత ఫొటోలు పీకేసి, ఖాళీ అయిన గోడ మీద కొత్తగా ఇంకో అమ్మాయి ఫొటో గుచ్చుతాడు. దారం ఉండ తీస్తాడు. తెర నల్లబడుతుంది. నిర్మాతలకు నాదొక ప్రతిపాదన. షూటింగు మొదలయ్యే ముందు రోజు నాకు కబురు పెట్టండి. రెండు బస్తాల సున్నం, కాస్త నీలిమందు, పొడుగు కర్రకు కట్టిన కుంచె తీసుకుని వస్తాను. ఆ గోడకు ఒకటికి రెండు పూతలు వేసి పోతాను. కూలి అక్కర్లేదు. సున్నం ఖర్చు మాత్రం ఇప్పించండి, రసీదు తెస్తాను.